నార్వే కోసం ఆగిన కబడ్డీ

నార్వే దేశంలో, పటంలో వేలు పెట్టి వెతుక్కోవలసిన ఒక దీవి మీద, పద్నాలుగు మంది పిల్లలున్న ఒక బడిలో, మంగళవారం నాడు పడవ క్లబ్బూ పాటల క్లబ్బూ ఒకే టైముకి పడ్డాయి. అందుచేత బొబ్బిలికి అవతల ఉన్న మా మహిళా డిగ్రీ కాలేజీలో కబడ్డీ ఆగిపోయింది.

ఈ రెండు వాక్యాలకీ మధ్య ఏం జరిగిందో చెబుతాను.

నా పేరు తాడ్డి ఆదిలక్ష్మి. ఆ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పన్నెండేళ్ళ సర్వీసు. వ్యాయామ శాఖలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి శాఖాధిపతినీ నేనే, నెట్టు కట్టేదాన్నీ నేనే, సున్నంతో గీతలు గీసేదాన్నీ నేనే. మా పిల్లలు చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. నాలుక్కి క్లాసులు అయిపోతాయి. ఐదుంబావుకి ఆఖరి బస్సు. ఆ బస్సు తప్పిన పిల్ల గేటు దగ్గర ఆటో కోసం నిలబడాలి. రెండుసార్లు అలా నిలబడిందని తెలిస్తే ఇంట్లోవాళ్ళు ఆటలు మానిపించేస్తారు. కాబట్టి నాలుగు నుంచి ఐదు వరకూ ఉన్న గంటే మాకున్న గంట.

మా కబడ్డీ జట్టు కెప్టెన్ మీసాల గౌరి. బీఎస్సీ రెండో సంవత్సరం. మనిషి సన్నంగా, నెమ్మదిగా ఉంటుంది. కూతకి వెళ్తే మాత్రం అవతల జట్టులో ఒకరినైనా ముట్టుకోకుండా వెనక్కి రాదు. యూనివర్సిటీ జట్టుకి ఆడితే బీపీఈడీలో సీటు వస్తుందని, ఆ తర్వాత నాలాగే మెడలో విజిల్ వేసుకుని తిరగొచ్చని దాని ఆశ. డిసెంబరు ఐదున విజయనగరంలో సెలక్షన్లు. పోయినేడాది ప్రాక్టీసు లేక మొదటి ఆటలోనే ఓడి వచ్చేం. ఈ ఏడు జూలై నుంచే మొదలెట్టేం. ఈ పిల్ల ఈసారి తప్పకుండా యూనివర్సిటీకి ఆడుతుందని నాకు నమ్మకం కుదిరిన వారంలోనే ఆట ఆపమని సర్క్యులర్ వచ్చింది.

కాలేజీలకి గ్రేడులిచ్చే బృందం నవంబరులో మా కాలేజీ చూడ్డానికి వస్తుందని అంతకుముందే కబురు తెలిసింది. వాళ్ళ ఫారం నూట పన్నెండు పేజీలు. అందులో ఒక గడి: “విదేశీ విద్యార్థుల పాఠ్యేతర కార్యక్రమాల అభివృద్ధికై సంస్థ చేపట్టిన విస్తరణ సేవలు. నాలుగు మార్కులు.” మా ప్రిన్సిపాల్ డాక్టర్ పరబ్రహ్మం గారికి ఖాళీ గడి చూస్తే ఒంట్లో బాగుండదు. ఆయన కామర్సు మనిషి. మామూలు మాట మామూలుగా ఆయన నోట రావడం పన్నెండేళ్ళలో నేను వినలేదు. టీ తాగేరా సార్ అని అడిగితే “సేవించడం జరిగింది” అంటారు.

గడి నింపే పని క్వాలిటీ సెల్ కోఆర్డినేటర్ జోగారావు గారి మీద పడింది. ఆయన ఇంగ్లీషు లెక్చరరు, మంచివాడు, దేనికీ ఎదురు చెప్పడు. రెండు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, ఇంట్లోంచే పరాయి దేశాల బడులకి సేవ చెయ్యడానికి వీలున్న వెబ్‌సైటు ఒకటి పట్టుకున్నారు. అందులో ఆ నార్వే బడి హెడ్మిస్ట్రెస్ పెట్టిన నాలుగు ముక్కల ప్రకటన ఉంది, ఇలా: మా క్లబ్బుల టైం టేబుల్ చూసే టీచరు రిటైరయ్యారు. మంగళవారం రెండు క్లబ్బులు ఒకేసారి పడుతున్నాయి. అనుభవమున్నవారు ఒకరు, వారానికి ఒక గంట, మాకు సాయం చేస్తే సంతోషిస్తాం.

స్టాఫ్ మీటింగులో జోగారావు గారు ఇది చదివి వినిపించి, “ఒక్కరినే అడిగేరు సార్. మన పీడీ మేడమ్ గారు సరిపోతారు” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసేరు. “జోగారావు గారూ, ఒక్కరు చేస్తే అది వ్యక్తిగత సహాయం. నలభై ఆరుగురం చేస్తే అది సంస్థాగత విస్తరణ. గడిలో ఏ పదం వాడబడింది?”

“విస్తరణ, సార్.”

“మరి?”

అలా నలభై ఆరుగురు లెక్చరర్లం నార్వేకి విస్తరించేం. వాళ్ళు వారానికి ఒక గంట అడిగితే, సమావేశాలూ నివేదికలూ కలిపి మేం రోజుకో గంట ఇచ్చేం. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర అంటే ఇక్కడ సాయంత్రం నాలుగు. నేను లేచి, “సార్, నాలుగు నుంచి ఐదు గేమ్స్ పీరియడ్ కదా” అన్నాను.

“దాన్ని మనం రద్దు చెయ్యడం లేదు మేడమ్. పునర్నిర్వచిస్తున్నాం.”

“మరి పిల్లల్ని ఆడుకోనిస్తారా సార్? నేను లేకపోయినా వాళ్ళు ఆడుకుంటారు.”

ఆయన కొంచెం జాలిగా చూసేరు. “కంప్యూటర్ ల్యాబు కిటికీలు మైదానం వైపున్నాయి. కబడ్డీ కూత నార్వే వరకూ వినబడినట్లయితే అంతర్జాతీయ వాతావరణానికి భంగం కలిగే అవకాశం కలదు.”

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించేరు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు గంటల వరకు గల క్రీడా సమయము తదుపరి ఉత్తర్వుల వరకు అంతర్జాతీయ క్రీడాభివృద్ధి సమయముగా పరిగణింపబడును. విద్యార్థినులు సదరు సమయమున మైదానమునందు సంచరించరాదు.

గౌరి ఆ కాగితం చదివి, మోకాళ్ళ పట్టీలు చేత్తో పట్టుకునే నా గదికి వచ్చింది.

“ఏటి మేడమ్, ఇవాళ్టి నుంచి ఆట నేదా?”

“నార్వేలో పిల్లలు ఆడుకోడానికి ఇబ్బంది పడుతున్నారమ్మా. వాళ్ళకి సాయం చెయ్యాలట.”

“మరి మనకో?”

నేను సున్నం డబ్బా మూత బిగించేను. గౌరి పట్టీలు సంచీలో పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. ఆ రోజు దానికి నాలుగున్నర బస్సు దొరికింది.

మొదటి ఆన్‌లైన్ సమావేశానికి ప్రిన్సిపాల్ గారు కోటు వేసుకొచ్చేరు. తెర మీద హెడ్మిస్ట్రెస్ కనబడింది. యాభై ఏళ్ళుంటాయి, తెల్లగా నెరిసిన పొట్టి జుట్టు, చేతిలో సగం తిన్న బ్రెడ్డు. అది వాళ్ళ భోజనాల వేళ. ఆవిడ పేరు రాగ్న్‌హిల్డ్. మా వాళ్ళెవరికీ నోరు తిరగక పావుగంటలో రాగిణి మేడమ్ అయిపోయింది. ముందు ప్రిన్సిపాల్ గారు కాలేజీ చరిత్ర చెప్పేరు. తర్వాత సభ్యులు ఒక్కొక్కరూ లేచి పేరూ, డిగ్రీలూ, పరిశోధనాంశమూ చెప్పుకున్నారు. పందొమ్మిదో మనిషి దగ్గర గంట అయిపోయింది. ఆవిడ బ్రెడ్డు అయిపోయింది. “మీ అందరికీ కృతజ్ఞతలు. కానీ నిజంగా ఒక్కరు చాలు” అందావిడ.

జోగారావు గారు మినిట్స్‌లో ఇలా రాసేరు: “మన స్పందనకు వారు పులకించి, ఒక్కరున్ననూ చాలునని వినయపూర్వకముగా పలికిరి.”

రెండో సమావేశంలో మిగతా ఇరవై ఏడుగురూ పరిచయం చేసుకున్నారు. మూడోదానికి తొమ్మిది ఉపసంఘాలు ఏర్పడ్డాయి. పడవల భద్రతా ఉపసంఘం బాటనీ సుభద్ర గారిది. ఆవిడకి సముద్రమంటే భయం. భీమిలి వెళ్ళినా ఇసుక దగ్గరే ఆగిపోతుంది. పడవలన్నీ శాశ్వతంగా ఒడ్డుకి కట్టేసి, వాటిలో కూర్చుని తెడ్డు వెయ్యడం నేర్పితే ప్రమాదాలు పూర్తిగా నివారించవచ్చని ఇరవై రెండు పేజీల నివేదిక ఇచ్చింది. అల్లిక క్లబ్బుకి సూదుల పరిమాణం మీద ప్రమాణాలు తయారయ్యాయి. చెస్ క్లబ్బులో ఓడిపోయిన పిల్లల మనోభావాలు అధ్యయనం చెయ్యడానికి సైకాలజీ వాళ్ళు ప్రశ్నావళి వేసేరు. క్రీడా వ్యవహారాల ఉపసంఘానికి నన్ను కన్వీనర్ని చేసేరు. కాలేజీలో ఆటలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అవడంతో సభ్యులు లేరు.

అప్పటికి రెండు వారాలు గడిచేయి. గేమ్స్ పీరియడ్ తిరిగి ఇప్పించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టేను. ఆయన దాన్ని పద్ధతి ప్రకారం సంబంధిత ఉపసంఘానికి అభిప్రాయం కోసం పంపేరు. అది క్రీడా వ్యవహారాలు. కన్వీనర్ని నేను. నా అర్జీ నా బల్ల మీదకే వచ్చింది. సమంజసమైన కోరిక అని రాసి సంతకం పెట్టి పంపేను. సొంత అర్జీ మీద సొంత అభిప్రాయం ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం కనుక సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చేను. అదీ అభిప్రాయం కోసం నాకే వచ్చింది. అక్టోబరు నెలాఖరుకి ఇలాంటివి ఏడు కాగితాలయ్యాయి. ఈలోగా మైదానంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. మేం గీసిన సున్నం గీతలు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు.

గౌరి వాళ్ళు మెట్ల కింద ఖాళీలో ఊపిరి బిగబట్టడం సాధన చేస్తున్నారని అటెండరు చెప్పేడు. వెళ్ళి చూస్తే నిజమే. ఏడుగురు పిల్లలు గోడకి ఆనుకుని, కూత బయటికి రాకుండా పెదాలతోనే కబడ్డీ కబడ్డీ అంటున్నారు. నన్ను చూసి ఒకమ్మాయి నవ్వింది. గౌరి నవ్వలేదు. “ఊపిరి ఆగుతోంది మేడమ్. కాళ్ళే మర్సిపోతన్నాయి” అంది.

నార్వేలో పని మాత్రం చురుగ్గా సాగింది. ఒక్కొక్క ఉపసంఘం వారానికి ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం పంపేది. తొమ్మిది ఫారాలు, ఒక్కోటి నాలుగు పేజీలు, పద్నాలుగు మంది పిల్లలూ విడివిడిగా నింపాలి. చదవడం రాని చిన్నపిల్లలకి పెద్దపిల్లలు నింపిపెట్టాలి, అలా నింపిపెట్టినట్టు ఇంకో ఫారం నింపాలి. చివరికి ఒకరోజు రాగ్న్‌హిల్డ్ గారి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. పిల్లలు ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నమంతా ఫారాలు నింపుతున్నారు. అందువల్ల ఆ రోజు పడవా లేదు, పాటా లేదు.

ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి లేచి నిలబడ్డారు. “చూశారా! ఉభయ కార్యక్రమముల మధ్య గల ఘర్షణ సంపూర్ణంగా తొలగింపబడింది!”

స్టాఫ్ రూములో లడ్డూలు పంచేరు. నేను కూడా ఒకటి తిన్నాను. తినకపోతే దానికీ మెమో వస్తుందేమోనని.

ఆ శనివారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉంది. నేను ఒక్కదాన్నే కూర్చుని ఆవిడకి కాల్ చేసేను. ఎందుకు చేసేనంటే, లడ్డూ తిన్నప్పటి నుంచీ నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ వంటింట్లో ఉన్నట్టుంది, పొయ్యి మీద ఏదో మరుగుతోంది. నన్ను చూడగానే ముఖం కొంచెం వాడిపోయింది.

“ఇవాళ ఎంతమంది?” అనడిగింది.

“నేనొక్కదాన్నే.”

“నిజంగా?” కుర్చీ లాక్కుని కూర్చుంది.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడదీ కొంచెం అలాంటిదే, అందువల్ల ఇద్దరికీ బాగా అర్థమైంది.

“మీ మంగళవారం సంగతి అడగాలని చేసేను,” అన్నాను. “గురువారం మీకు ఏ క్లబ్బు ఉంది?”

“గురువారం ఏమీ లేదు.”

“పాటలు గురువారానికి మార్చండి.”

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. కళ్ళు తుడుచుకుంది. “రెండు నెలలు,” అంది. “ఈ ఒక్క మాట కోసం నేను రెండు నెలల నుంచి ఎదురు చూస్తున్నాను.”

“ఎవరూ చెప్పలేదా?”

“చెప్పడానికి ఎవరికీ ఖాళీ లేదు.” మరుగుతున్నది దింపి వచ్చి మళ్ళీ కూర్చుంది. “మీ పిల్లలు ఏం ఆడతారు?”

కబడ్డీ అని చెప్పేను. అదేమిటంది. చెప్పేను. కూత ఎలా పెట్టాలో చూపించేను. ఆవిడ కూడా ప్రయత్నించింది. ఇరవై సెకన్లకే ఊపిరి అందలేదు.

“ఎంతసేపు ఆడతారు? ఏ టైములో?”

“నాలుగు నుంచి ఐదు.”

ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. నవ్వు ఆగిపోయింది. “అది మన సమావేశాల టైము కదా.”

“అవును.”

“అయితే ఈ రెండు నెలలూ మీ పిల్లలు...”

“ఆడలేదు.”

తర్వాత గౌరి సంగతి చెప్పేను. డిసెంబరు ఐదు సంగతి, ఐదుంబావు బస్సు సంగతి, ఏడు కాగితాల సంగతి కూడా చెప్పేను. అర్జీ నాకే తిరిగొచ్చిందని చెబితే ఆవిడ నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకుంది.

“మీరు మాకు సాయం చేశారు,” అంది ఆవిడ లేచేముందు. “మేం మీకు చెయ్యకూడదా? మా బడికి విద్యార్థి మండలి ఉంది. ఆటల విషయం వాళ్ళే చూస్తారు. నేను సోమవారం వాళ్ళతో మాట్లాడతాను.”

ఏం మాట్లాడుతుందో, ఏం రాస్తుందో నేను అడగలేదు. అడగాల్సింది.

వారం తర్వాత ప్రిన్సిపాల్ గారి పేర ఉత్తరం వచ్చింది. బడి ముద్ర, తెడ్డు బొమ్మ, కింద మూడు సంతకాలు. మా మండలి ఛైర్‌పర్సన్ సిగ్రున్, నాలుగో తరగతి, మీ కాలేజీ ఆటల విషయంలో స్వచ్ఛందంగా సాయం చెయ్యాలనుకుంటోంది అని ఆవిడ తిన్నగానే రాసింది. ఏదీ దాచలేదు. కానీ ప్రిన్సిపాల్ గారు ‘మండలి’ అన్న చోట ఆగిపోయేరు, జోగారావు గారు ‘ఛైర్‌పర్సన్’ అన్న చోట ఆగిపోయేరు. ఆ తర్వాతి ముక్క ఎవరూ చదవలేదు.

“అనగా మనం వారికి నిపుణులం, వారు మనకు నిపుణులు! పరస్పర అంతర్జాతీయ విస్తరణ!” ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచేరు. “జోగారావు గారూ, గ్రేడు బృందం వచ్చే రోజే, వారి సమక్షంలోనే, ప్రత్యక్ష ప్రసారం ఏర్పాటు చేయబడాలి.”

అప్పుడు నేను చెప్పి ఉండవచ్చు. “సార్, నాలుగో తరగతి అని ఉంది చూడండి” అంటే ఒక్క క్షణం పని. నోరు తెరిచేను కూడా. అంతలో కిటికీలోంచి మోకాలెత్తు గడ్డి కనబడింది. నోరు మూసేసేను.

నవంబరు పదో తారీకు మధ్యాహ్నం మూడింటికి సెమినార్ హాలు నిండిపోయింది. ముందు వరసలో గ్రేడు బృందం ముగ్గురు. వాళ్ళ అధ్యక్షులు ఎక్కడో వైస్ ఛాన్సలర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. దగ్గినా పక్కవాళ్ళు నోట్ చేసుకుంటున్నారు. నేను ఆఖరి వరసలో, తలుపు దగ్గర. పన్నెండేళ్ళ సర్వీసు ఈ గంటలో తేలిపోతుందనిపించింది.

ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. “పాఠ్యేతర కార్యక్రమ నిర్వహణా రంగమునందు సుదీర్ఘమైన, అపారమైన అనుభవము గడించిన, నార్వే దేశపు మండలి ఛైర్‌పర్సన్, గౌరవనీయులు మేడమ్ సిగ్రున్ గారిని...”

తెర వెలిగింది. బెంచీ మీద ముగ్గురు పిల్లలు ఉన్ని స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఉన్న పిల్లకి తొమ్మిదేళ్ళుంటాయి. ముందు పళ్ళు రెండు లేవు. చెయ్యి ఊపింది.

ప్రిన్సిపాల్ గారి చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. జోగారావు గారు కళ్ళు మూసుకున్నారు.

అధ్యక్షులు ముందుకి వంగి చూసి, “ఛైర్‌పర్సన్ గారు... చిన్నవారిలా ఉన్నారే?” అన్నారు.

“అది... సార్...” ప్రిన్సిపాల్ గారు మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. “లబ్ధిదారుల... లబ్ధిదారుల కేంద్రిత నాయకత్వం, సార్.”

అధ్యక్షుల ముఖం వెలిగిపోయింది. “అద్భుతం! లబ్ధిదారులే నిపుణులు! మన దేశంలో ఈ భావన ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది. రాసుకోండి.” పక్కనున్న ఇద్దరూ రాసుకున్నారు.

సిగ్రున్ కాగితం తీసి వాళ్ళ భాషలో చదివింది. పళ్ళు లేకపోవడం వల్ల గాలి పోతోంది. రాగ్న్‌హిల్డ్ గారు వెనక నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. రోజూ ఒక గంట అందరూ బయట ఆడాలి, టైం టేబుల్లో ఆ గంట ముందు రాసుకుని మిగతావి తర్వాత రాసుకోవాలి. వాన పడితే రెయిన్ కోటు వేసుకోవాలి గానీ లోపలికి రాకూడదు. పెద్దవాళ్ళు కూడా బయటికి రావాలి, లేకపోతే వాళ్ళకి ఏం తెలియదు. ఆ గంటలో ఎవరూ ఏ కాగితం మీదా ఏమీ రాయకూడదు.

ఆఖరి ముక్క చదువుతున్నప్పుడు పక్కనున్న ఇద్దరు పిల్లలూ గట్టిగా తలలూపేరు.

“ఈ సిఫార్సులకు ప్రాతిపదిక ఏమిటి?” అని అడిగేరు అధ్యక్షులు.

సిగ్రున్ ఆలోచించింది. “ఆడిన రోజు బాగుంటుంది. ఫారాలు నింపిన రోజు బాగోదు.”

“తులనాత్మక ఫలితం,” అన్నారాయన పక్కకి తిరిగి. “ఎంతకాలం పరిశీలించారు?”

“ఒకటో తరగతి నుంచి.”

“నాలుగేళ్ళ అధ్యయనం. రాసుకోండి.” ప్రిన్సిపాల్ గారి వైపు చూసేరు. “మరి మీ సంస్థ వీటిని ఎప్పటి నుంచి అమలు చేస్తోంది?”

ప్రిన్సిపాల్ గారు గోడ గడియారం చూసేరు. మూడూ నలభై. “నేటి సాయంత్రం నాలుగు గంటల నుండి అమలు చేయబడుతోంది, సార్.”

ఉత్తర్వు పది నిమిషాల్లో టైపయింది. నా ఏడు కాగితాల్లో ఉన్న ముక్కే, అక్షరం పొల్లుపోకుండా. పైన ‘అంతర్జాతీయ నిపుణుల మండలి సిఫార్సు మేరకు’ అన్న మాట మాత్రం నా కాగితాల్లో లేదు. సంతకం పెడుతూ ప్రిన్సిపాల్ గారు నాతో అన్నారు: “ఆలోచించండి మేడమ్, ఎంత చిన్న విషయం! ఇటువంటివి మనవారి బుర్రలకు ఎందుకు తట్టవో బోధపడదు.”

“అవును సార్,” అన్నాను.

నాలుక్కి బెల్లు కొట్టేరు. బయట ముసురు పట్టి సన్నగా వాన పడుతోంది. రెండో సిఫార్సు ఉంది కాబట్టి ఎవరూ లోపల ఉండడానికి లేదు. మూడోది ఉంది కాబట్టి నలభై ఆరుగురు లెక్చరర్లూ బయటికి వచ్చేరు. సుభద్ర గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రింగు బాలు పట్టుకుంది. జోగారావు గారు హాజరు రాయడానికి జేబులోంచి పెన్ను తీసి, నాలుగోది గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. గడ్డి కొయ్యడానికి టైము లేదు. గౌరి వాళ్ళు కాళ్ళతో తొక్కి అణిచేసి, ఇటుక ముక్కతో గీత గీసి, మొదలుపెట్టేసేరు.

రెండు నెలల తర్వాత మొదటి కూత. అది నార్వే వరకూ వినబడిందో లేదో తెలియదు గానీ, గేటు బయట టీకొట్టు దగ్గర జనం మాత్రం లేచి నిలబడ్డారు.

గ్రేడు బృందం వెళ్ళిపోయింది. వాళ్ళ నివేదికలో ఈ గంటని ‘శ్రేష్ఠ ఆచరణ’ అని రాసేరట, మా గ్రేడు ఒక మెట్టు పెరిగింది. అంతటితో మళ్ళీ ఆపేస్తారని నా భయం. కానీ శ్రేష్ఠ ఆచరణని మధ్యలో ఆపితే వచ్చిన మెట్టు దిగిపోతుందని ప్రిన్సిపాల్ గారి భయం. ఆయన భయమే పెద్దది. ఉపసంఘాలు తొమ్మిదీ వాటంతట అవే నీరుగారిపోయేయి. రాగ్న్‌హిల్డ్ గారి దగ్గర్నించి ఒక ఫోటో వచ్చింది. గురువారం, పిల్లలు నోళ్ళు తెరిచి పాడుతున్నారు. వెనకాల ఫారాల కట్టలు పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు రోజూ నాలుక్కి గొడుగు పట్టుకుని వచ్చేవారు. మొదట్లో ఆటకి వీపు పెట్టి ఫోను చూసుకునేవారు. రెండో వారంలో ఇటు తిరిగేరు. మూడో వారంలో, “ఆ అమ్మాయి ఏ కారణం చేత బయటికి పంపబడింది?” అని అడిగేరు. చెప్పేను. మర్నాడు ఇంకోటి అడిగేరు. అలా రోజుకొకటి.

డిసెంబరు నాలుగు, సెలక్షన్లకి ముందు రోజు. జట్టుని రెండుగా చేసి ఆడిస్తున్నాను. గౌరి కూతకి వెళ్ళింది. మూడో సంవత్సరం అమ్మాయిలు నలుగురు చుట్టుముట్టేరు. పక్క గీత దాకా తోసుకుపోయేరు. అది నడుము విరిచినట్టు వంగి, ఇద్దరిని ముట్టుకుని, వాళ్ళ చేతుల కిందనుంచి జారి మధ్య గీత దాటేసింది.

“తొక్కీసింది! తొక్కీసింది!”

కేక ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. తిరిగి చూస్తే ప్రిన్సిపాల్ గారు. గొడుగు పక్కన పారేసి, ప్యాంటు బురదవుతున్నా చూసుకోకుండా పక్క గీత మీదకి వచ్చేసేరు.

“లేదు సార్, మడమ పైకే ఉంది,” అన్నాను.

“ఏటి పైకుంది? నానిక్కడే నిల్చున్నాను కదా! గీత మీదే పడింది, నా కళ్ళతో నాను సూసేను. ఔటిచ్చీండి మేడమ్!”

పిల్లలందరూ ఆటాపి ఆయన్నే చూస్తున్నారు. జోగారావు గారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. గౌరి నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, “నేను తొక్కలేదు సార్” అంది.

“తొక్కేవు! ఇదిగో, ఇక్కడ! అచ్చు పడింది సూడు!” ఆయన వంగి వేలితో చూపించేరు. అక్కడ బురదలో పది అచ్చులున్నాయి.

“నాటౌట్,” అని నేను విజిల్ వేసేను.

ఆయన ఐదు నిమిషాలు వాదించేరు. తర్వాత గొడుగు తీసుకుని విసవిసా వెళ్ళిపోయేరు. మర్నాడు పొద్దున్న విజయనగరం బస్సు ఎక్కబోతుంటే ముందు సీట్లో ఆయన కూర్చుని ఉన్నారు. జట్టు వెంట సంస్థాగత ప్రాతినిధ్యం అవసరమని వివరించేరు.

మేం రెండు ఆటలు గెలిచి మూడోది ఓడిపోయేం. ఓడిన ఆటలో కూడా గౌరి పదకొండు పాయింట్లు తెచ్చింది. సాయంత్రం యూనివర్సిటీ జట్టు పేర్లు చదివినప్పుడు ఆరో పేరు దానిది. అది వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చేను. ప్రిన్సిపాల్ గారు కొంచెం దూరంలో నిలబడి ముక్కు తుడుచుకుని, “ఎంపిక కాబడుట హర్షణీయం” అన్నారు.

వచ్చేటప్పుడు బస్సులో గౌరి వెనక సీట్లో నిద్రపోయింది. గజపతినగరం దాటేక ఆయన నా వైపు వంగి, పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించి, “ఏది ఏమైనా నిన్న తొక్కీసింది మేడమ్” అన్నారు.